ఫాక్స్ టాల్బట్ పండితుని జీవితము

లోకమున గొప్పవారని పేరొందినవారిలో కొందఱు సముద్రములు దాటి, తమవారెవరును చూడని దేశములను చూచి వచ్చిరి. మఱికొందఱు తమ యింటి ప్రాకారము దాటకయే, పదిమందియు ప్రతిదినము చూచుచు లెక్కచేయని వస్తువులలో క్రొత్తదనమును కనుగొనిరి. ఈ రెండవ తెగవారిలో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ ముఖ్యుడు. ఇప్పుడు చేతిఫోను గలవారందఱును ఛాయాచిత్రకారులే. వ్రేలితో తాకినంతనే బొమ్మ వచ్చుచున్నది. నచ్చనిచో వెంటనే చెఱిపి మఱియొకటి తీయుచున్నాము. ఒక్క బొమ్మను కాగితముపై నిలుపుటకు ఒక విద్వాంసుడు సంవత్సరములకొలది పాటుపడెననియు, ఆ పాటులో ఆయనకు వస్తువులను చూచుట యెట్లో క్రొత్తగా తెలిసివచ్చెననియు మన విద్యార్థులు ఎఱుగవలెనని కోరి యీ చరిత్రమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

టాల్బట్ 1800 సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీన ఇంగ్లండు దేశమునందలి డార్సెట్ మండలములో, మెల్బరీయందలి మాతామహుని భవనమున జన్మించెను. తండ్రి విలియం డావెన్‌పోర్ట్ టాల్బట్ సేనలో ఉద్యోగిగా నుండెను. బిడ్డకు ఆఱు నెలలైన నిండకముందే ఆయన మృతినొందెను. ఆయన కుమారునికి విడిచిపోయినవి రెండు: విల్ట్‌షైర్ మండలములోని లేకాక్ ఆబీ యను ప్రాచీన భవనము, దానిని చుట్టుకొనియున్న అప్పులు. తల్లి లేడీ ఎలిజబెత్ బుద్ధిశాలిని, అనేక భాషలు నేర్చినది, పట్టుదల గలది. భవనమును అద్దెకిచ్చి, ఆస్తిని చక్కబెట్టుకొనుచు, కుమారుని చదువు తానే కనిపెట్టుచు వచ్చెను. 1804లో ఆమె నౌకాదళాధికారియగు చార్లెస్ ఫీల్డింగును వివాహమాడెను. ఆయన ఆ బాలుని సొంతబిడ్డవలెనే ఆదరించెను. కారొలైన్, హొరేషియా అను ఇద్దఱు చెల్లెండ్రు కలిగిరి.

బాలుడు హారో పాఠశాలలోను, పిమ్మట కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునందలి ట్రినిటీ కళాశాలలోను చదివెను. 1820లో గ్రీకుభాషలో పద్యరచన చేసి పోర్సన్ బహుమానమును పొందెను. 1821లో గణితశాస్త్ర పరీక్షయందు మొదటి తరగతివారిలో పండ్రెండవవాడుగా నెగ్గెను. గణితము, వృక్షశాస్త్రము, వెలుగును గూర్చిన శాస్త్రము, రసాయనము, ప్రాచీన భాషలు, వీనిలో దేనిని విడిచి దేనిని పట్టుకొనవలెనో తెలియనంతటి జిజ్ఞాస ఆయనకుండెను. 1824లో మ్యూనిక్ నగరమందు ఖగోళశాస్త్రజ్ఞుడగు జాన్ హెర్షెలుతో స్నేహము కలిగెను. ఆ స్నేహము తరువాత ఆయనకు మిక్కిలి యుపయోగపడినది. 1831లో రాయల్ సొసైటీవారు ఆయనను తమ సభ్యునిగా ఎన్నుకొనిరి. 1832 డిసెంబరులో కాన్‌స్టన్స్ మండీ యను కన్యను వివాహమాడెను. ఆ కాలముననే చిప్పెన్‌హాము పట్టణపక్షమున పార్లమెంటు సభ్యుడై కొలదికాలము పనిచేసెను గాని, రాజకీయములలో ఆయన మనస్సు నిలువలేదు.

ఇచ్చట లేకాక్ ఆబీని గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. దానిని 1232లో సాల్స్‌బరీ ప్రభ్వియగు ఎలా యను నామె కన్యకామఠముగా స్థాపించెను. మూడువందల యేండ్లు అచ్చట సన్యాసినులు ప్రార్థనలు సల్పిరి. ఎనిమిదవ హెన్రీ రాజు మఠములను రద్దుచేసినప్పుడు 1539లో అదియు మూతపడి, పిమ్మట గృహస్థుల నివాసమయ్యెను. టాల్బట్ 1827లో ఆ యింట కాపురము పెట్టెను. పాతరాళ్ల వసారాలు, స్తంభముల నీడలు, గాజుపలకల కిటికీలు, పశువులకొట్టము, గడ్డివాములు, ఇవి ఆయనకు నిత్యము కంటబడు వస్తువులు. ఆయన కీర్తికి ఆధారమైనవియు ఇవియే.

1833 అక్టోబరులో టాల్బట్ భార్యతో ఇటలీదేశమునకు పోయి, కోమో సరస్సు తీరమున కొన్నిదినములు గడపెను. ఆ కాలమున దేశసంచారము చేయువారు తాము చూచిన సుందరప్రదేశములను పెన్సిలుతో గీసికొనుట వాడుక. ఆయన భార్యకును చెల్లెండ్రకును ఆ విద్య అలవడియుండెను. గ్రీకుపద్యములు అల్లిన చేయి, గణితసమస్యలను విప్పిన చేయి, బొమ్మ గీయుటకు మాత్రము తిరుగలేదు. కెమెరా లూసిడా యను చిన్నసాధనమును ఆయన వెంటతీసికొని పోయెను. అందలి గాజుపట్టకమునుండి చూచినచో ఎదుటి దృశ్యము క్రింది కాగితముపై పడినట్లు కనబడును. దాని గీతలవెంట పెన్సిలును నడపిన చాలును. అయినను కన్ను పట్టకమునుండి తొలగినంతనే సరస్సు మాయమై, కాగితముపై వంకరగీతలే మిగిలెను.

అప్పుడాయనకు పూర్వము తాను వాడిన చీకటిపెట్టె జ్ఞాపకమునకు వచ్చెను. ఆ పెట్టెకు ముందువైపున కటకమును అమర్చినచో బయటి చెట్లును ఇండ్లును లోపలి కాగితముపై రంగులతో సహా ప్రతిబింబించును. గాని అది నిలువదు. పెట్టెను కదల్చిన పోవును. ఆ ప్రతిబింబము వెలుగుతప్ప మఱేమియు కాదు గదా, వెలుగు కొన్ని పదార్థములను నల్లబఱచుట శాస్త్రజ్ఞు లెఱిగినదే గదా, అట్లయిన ఆ ప్రతిబింబము తనంతట తానే కాగితముపై అచ్చుపడి నిలిచిపోరాదా యని ఆయన ఆలోచించెను. చిత్రలేఖనము చేతగాకపోవుటయే ఆయనకు ఈ ప్రశ్న పుట్టించెను. చేతనైనవారు బొమ్మ గీసికొని యింటికి పోయిరి. చేతగానివాడు ఆలోచనతో ఇంటికి వచ్చెను.

1834లో లేకాక్ ఆబీయందు పరీక్షలు ప్రారంభమయ్యెను. వెండితో చేసిన లవణములు ఎండకు నల్లబడునని అంతకుముందే తెలియును. ఇంగ్లండులోనే టామస్ వెడ్జ్‌వుడ్, హంఫ్రీ డేవీ యను వారు ఇట్టి ప్రయత్నమొకటి చేసి 1802లో ప్రకటించిరి. వారి బొమ్మలు వచ్చినవి గాని నిలువలేదు; వెలుగులో చూడబోయిన కాగితమంతయు నల్లబడిపోయెను. టాల్బట్ మంచి కాగితమును ఉప్పునీట ముంచి ఆరబెట్టి, దానిపై సిల్వర్ నైట్రేటు ద్రావకమును పూసెను. అట్లు సిద్ధపఱచిన కాగితముపై ఒక ఆకునో, అల్లికపట్టీనో పెట్టి గాజుపలకతో అదిమి ఎండలో నుంచగా, చుట్టును నల్లబడి, ఆకు పడినచోట తెల్లని రూపము ఈనెలతో సహా నిలిచెను. పరీక్షలు చేయగా చేయగా ఆయనకొక చిత్రము కనబడెను. ఉప్పు తక్కువైనచో కాగితము వెలుగునకు త్వరగా లొంగుచున్నది. ఉప్పు ఎక్కువైనచో లొంగుట మానుచున్నది. కనుక బొమ్మ పుట్టుటకు పలుచని ఉప్పునీరు, పుట్టిన బొమ్మ నిలుచుటకు చిక్కని ఉప్పునీరు. వంటింటిలోని ఉప్పే తాళముచెవి యయ్యెను.

1835 వేసవిలో ఆయన గ్రామమందలి వడ్రంగిచేత చిన్న చిన్న కొయ్యపెట్టెలు చేయించి, వానికి కటకములు బిగించి, ఇంటి చుట్టును అక్కడక్కడ పెట్టించెను. అరగంటయో గంటయో గడచినపిమ్మట పోయి తెచ్చుకొనుచుండెను. ఎలుకలబోనులవలె నున్నవని భార్య వానికి ఆ పేరే పెట్టెను. ఆ సంవత్సరము ఆగస్టులో ఆయన తన భవనపు దక్షిణపు వసారాలోని గాజుపలకల కిటికీకి ఎదురుగా ఒక పెట్టె నుంచెను. వచ్చిన బొమ్మ తపాలాబిళ్లకంటె అంతగా పెద్దది కాదు. వెలుతురు వచ్చు పలకలు నల్లగాను, వాని నడుమ చట్రములు తెల్లగాను తలక్రిందులై యున్నవి. దాని ప్రక్కన ఆయన వ్రాసికొన్న సంగతి ముఖ్యమైనది. అది క్రొత్తగా నున్నప్పుడు భూతద్దముతో చూచినచో సుమారు 200 గాజుపలకలను లెక్కింపవచ్చునట. ఆ కిటికీముందు ఆయన ఎన్నివందలసారులు నడచియుండునో! ఆ పలకల నెన్నడైన లెక్కపెట్టెనా? తన యింటి కిటికీని ఆయన అరచేతిలో ఇమిడిపోవు బొమ్మయందు భూతద్దముతో పరీక్షించెను. కెమెరాతో తీసిన నెగెటివులలో నేటివఱకు నిలిచియున్న వానిలో ఇదియే మొదటిదని చెప్పుదురు. అది యిప్పుడు ఇంగ్లండులోని సైన్సు మ్యూజియమువారి సేకరణలో భద్రముగా నున్నది.

వెలుగును నీడయు తాఱుమాఱైన ఆ బొమ్మను మఱియొక కాగితముపై నుంచి ఎండ చూపినచో తాఱుమాఱు సరియగునని ఆయన 1835లోనే గ్రహించెను. ఒక మూలమునుండి ఎన్ని ప్రతులనైనను తీయవచ్చునను సూత్రమిదియే. తరువాత నూటయేబది యేండ్లపాటు లోకమందలి ఛాయాచిత్రకళ యంతయు ఎక్కువగా ఈ సూత్రముమీదనే నడచెను.

అయినను టాల్బట్ దానిని వెంటనే ప్రకటింపలేదు. ఇంకను చక్కపఱచి చెప్పుదమని ప్రక్కకు పెట్టి, ఇతర శాస్త్రములలో మునిగిపోయెను. ఆ జాగునకు తగిన శిక్షయే కలిగెను. 1839 జనవరి 7వ తేదీన పారిసు నగరమందలి శాస్త్రసభలో, లూయి డాగేర్ అను చిత్రకారుడు చీకటిపెట్టెలోని ప్రతిబింబమును స్థిరపఱచెనని ఆరగో పండితుడు ప్రకటించెను. డాగేర్ పని వెండిపూత గల రాగిరేకుపై జరిగినది. అంతకుముందు నియెప్స్ అను నతడు ఆయనకు తోడుగా నుండి పరిశోధించి గతించియుండెను. ఆ వార్త విని టాల్బట్ దిగులుపడెను. తన బొమ్మలను పెట్టెలోనుండి తీసి జనవరి 25న లండనునందలి రాయల్ ఇన్‌స్టిట్యూషనులో చూపించెను; 31న రాయల్ సొసైటీయందు తన పద్ధతిని గూర్చి వ్యాసము చదివించెను. మిత్రుడగు హెర్షెల్ కొలదిదినములలోనే హైపో యను లవణముతో కడిగినచో బొమ్మ బాగుగ నిలుచునని కనిపెట్టి ఆయనకు తెలియజేసెను. ఫోటోగ్రఫీ, నెగెటివు, పాజిటివు అను మాటలను వాడుకలోనికి తెచ్చినవాడును ఆ హెర్షెలే.

డాగేర్ రేకులపై బొమ్మ అద్దమువలె తళతళలాడుచు వెంట్రుకలైన కనబడునంత స్పష్టముగా నుండెను. టాల్బట్ కాగితములు వానియెదుట మసకగా తోచెను. జనులు రేకులనే మెచ్చుకొనిరి. అయితే రేకు ఒకటే. దానికి ప్రతి లేదు. కాగితమునకు ప్రతులు వచ్చును. ఈ నమ్మకముతో ఆయన మరల పనికి పూనుకొనెను. 1840 సెప్టెంబరులో, బొమ్మ యేమియు కానరాని కాగితమునకు మాచికాయలనుండి తీయు గాలిక్ ఆమ్లమును కలిపిన ద్రావకమును పూయగా, ఏమియు లేని తెల్లదనమునుండి బొమ్మ మెల్లమెల్లగా బయటపడెను! వెలుగు తన పనిని క్షణములలోనే ముగించి దాగియుండుననియు, మందు దానిని బయటికి తెచ్చుననియు తెలిసినది. గంటసేపు పట్టు పని ఒకటి రెండు నిమిషములలోనే కాజొచ్చెను. అందమైన అను నర్థము గల గ్రీకుమాటను చేర్చి ఆయన దీనికి కాలోటైపు అని పేరుపెట్టెను. 1842లో రాయల్ సొసైటీవారు ఆయనకు రమ్‌ఫోర్డ్ పతకము నిచ్చి గౌరవించిరి.

ఇక ఆయన జీవితములో మాకు మిక్కిలి ప్రియమైన భాగమునకు వచ్చుచున్నాము. 1844 మొదలు 1846 వఱకు ఆయన ప్రకృతి యొక్క పెన్సిలు అను నర్థము గల పేరుతో ఒక గ్రంథమును ఆఱు భాగములుగా వెలువరించెను. అందు 24 ఛాయాచిత్రములు. ఒక్కొక్కటియు అచ్చువేసినది గాక, ఎండలో తీసి అంటించినది. ప్రతి చిత్రమునకును ఆయన స్వయముగా వ్యాఖ్య వ్రాసెను. అంతటి విలువగల గ్రంథమున రాజులును, యుద్ధవీరులును, మహోత్సవములును ఉండునని ఎవరైనను అనుకొందురు. ఆక్స్‌ఫర్డు కళాశాలలును, వెస్ట్‌మినిస్టర్ దేవాలయమును ఉన్నమాట నిజమే. కాని వానితో సమానముగా ఒక అలమరలోని పింగాణీపాత్రలు, గాజుపాత్రలు, వరుసగా పేర్చిన పుస్తకములు, ఒక ఆకు, ఒక అల్లికపట్టీ, ఒక గడ్డివామి, గోడకు చేరవేసిన నిచ్చెన, పండ్లబుట్టలు కలవు.

ఆఱవ చిత్రమునకు తెఱచిన తలుపు అని పేరు. రాతిగుమ్మము, సగము తెఱచియున్న తలుపు, దానికి ఆనుకొని పుల్లలచీపురు, గోడను ఒకప్రక్క గుఱ్ఱపుకళ్లెము, మఱియొకప్రక్క లాంతరు. లోపల చీకటి, ఆ చీకటిలో వెనుకవైపు కిటికీ లీలగా కనబడుచున్నది. మనుష్యుడెవడును లేడు. చీపురు నీడ ఏటవాలుగా తలుపుమీద పడియున్నది. హాలండు దేశపు చిత్రకారులు పూర్వము వంటపాత్రలను, వాకిళ్లను, నిత్యజీవనమును చిత్రించి కీర్తిగాంచిరి గనుక తానును అట్టి వస్తువులనే యెన్నుకొంటినని ఆయన తన వ్యాఖ్యలో సమర్థించుకొనెను. సామాన్యులకు ఏమియు తోపనిచోట చిత్రకారుని కన్ను నిలిచిపోవుననియు, ఒక యెండపొడ, దారికి అడ్డుపడిన నీడ, నాచుపట్టిన రాయి చాలుననియు ఆయన భావము. మేము ఆ చిత్రమును చూచినప్పుడెల్ల, పోయిన నాణెముకొఱకు దీపము వెలిగించి ఇల్లూడ్చిన స్త్రీని గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానము మాకు స్మరణకు వచ్చును. టాల్బట్ దానిని తలంచి తీసెనో లేదో మేము చెప్పజాలము. అయినను లాంతరును చీపురును అచ్చటనే యున్నవి.

పారిసు వీథిని తీసిన చిత్రమొకటి కలదు. 1843లో ఆయన తన బసలోని మేడపై గదినుండి దానిని తీసెను. అపరాహ్ణపు ఎండ, వరుసగా నిలిచిన బండ్లు, ఇండ్లపైన అడవివలె పొగగొట్టములు. దుమ్ము అణచుటకై వీథిలో నీరు చల్లినచోటును, ఇంకను చల్లనిచోటును వేఱువేఱుగా తెలియుచున్నవి. యంత్రమునకు పక్షపాతము లేదు. సుందరమైన దేవతావిగ్రహమును ఎంత శ్రద్ధగా పట్టుకొనునో పొగగొట్టమును అంత శ్రద్ధగానే పట్టుకొనునని ఆయన గ్రహించెను. పింగాణీపాత్రల చిత్రమునకు వ్రాసిన వ్యాఖ్యలో, దొంగ యెవడైన వానిని అపహరించినచో ఈ చిత్రము న్యాయస్థానమున సాక్ష్యమగునేమో యని వినోదముగా నూహించెను. నేడు న్యాయస్థానములలో అదియే జరుగుచున్నది గదా.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఆక్స్‌ఫర్డునందలి క్వీన్స్ కళాశాల ద్వారమును గూర్చిన వ్యాఖ్యలో నున్నది. దాని సారాంశమిది. ఛాయాచిత్రకారుడు తాను తీసిన చిత్రమునే చాలకాలమునకు పిదప భూతద్దముతో పరీక్షించినచో, తీయునప్పుడు తాను ఏమాత్రమును గమనింపని వస్తువు లనేకములు అందు కనబడును. భవనముమీది శాసనాక్షరములు, తేదీలు, గోడకు అంటించిన ప్రకటనపత్రములు బయటపడును. ఒక్కొక్కప్పుడు దూరమున నున్న గడియారపు పలక కనబడి, ఆ చిత్రము ఏ గంటకు తీయబడినదో అదియే చెప్పును. అనగా చిత్రకారుడు వెదకినది ఒకటి, దొరికినవి పది. ఇందు టాల్బట్ యొక్క అణకువ మాకు కనబడుచున్నది. తాను తీసిన చిత్రమునందే తనకు తెలియనిది ఉన్నదని పండితుడొప్పుకొనుట సామాన్యము కాదు.

ఈ కీర్తితోపాటు కష్టములును వచ్చెను. ఆయన 1841 ఫిబ్రవరిలో కాలోటైపు పద్ధతికి ఇంగ్లండునందు పేటెంటు తీసికొనెను. సొంతధనము వెచ్చించి, సంవత్సరములు ధారవోసి కనుగొనినదానిపై తనకు హక్కు కలదని ఆయన తలంచెను. ఫ్రెంచి ప్రభుత్వము డాగేరునకు వేతనమేర్పఱచి ఆయన పద్ధతిని 1839 ఆగస్టులో లోకమునకు వెల్లడించెను. ఇంగ్లండులో మాత్రము దానికిని పేటెంటు తీసికొనబడెను. టాల్బటునకు వేతనమిచ్చువారు లేరు. కాని ఆయన పేటెంటు వలన ఇంగ్లండునందు కాగితపు ఛాయాచిత్రకళ నెమ్మదిగా నడచెను.

స్కాట్లండునకు ఆ పేటెంటు వర్తింపలేదు. అందుచేత అచ్చట జరిగినదానిని చూడుడు. 1843 మే నెలలో స్కాట్లండు సంఘమునుండి నాలుగువందలకు పైబడిన బోధకులు, ప్రభువుల యధికారమునకు లోబడమని జీతములను, ఇండ్లను విడిచి బయటికి నడచి స్వతంత్రసంఘముగా ఏర్పడిరి. చెన్నపట్టణమున 1837లో పాఠశాల స్థాపించి క్రైస్తవ కళాశాలకు బీజము నాటిన జాన్ ఆండర్సన్ కూడ ఆ పక్షమునే చేరెను. డేవిడ్ ఆక్టేవియస్ హిల్ అను చిత్రకారుడు ఆ సభను పెద్ద చిత్రముగా వ్రాయబూని, అందఱి ముఖములను జ్ఞాపకముంచుకొనుటకై రాబర్ట్ ఆడమ్‌సన్ అను యువకునితో కలిసి వారిని కాలోటైపులు తీయనారంభించెను. ముఖములతో మొదలిడినవారు ముఖములతో ఆగలేదు. ఎడింబరో సమీపమున న్యూహేవెన్ అను జాలరిపల్లెకు పోయి చేపలబుట్టలు మోయు స్త్రీలను, పడవలయొద్ద నిలిచిన పురుషులను, వారి బిడ్డలను తీసిరి. బోధకులను తీసిన గౌరవముతోనే బెస్తలను తీసిరి. ఆడమ్‌సన్ 1848లో ఇరువదియాఱేండ్ల ప్రాయమున మరణించెను. హిల్ తన పెద్ద చిత్రమును 1866లో ముగించెను. నేడు ఆ పెద్ద చిత్రముకంటె ఆ జాలరిస్త్రీల ఛాయాచిత్రములనే జనులు ఎక్కువగా మెచ్చుకొనుచున్నారు.

ఇంగ్లండునందు వివాదము ముదిరెను. 1852లో రాయల్ సొసైటీ, రాయల్ అకాడమీ అధ్యక్షులు కోరగా, టాల్బట్ ధనమునకై ముఖచిత్రములు తీయు వృత్తివిషయము తప్ప తక్కిన హక్కు నంతయు వదలుకొనెను. అప్పటికే ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అను నతడు 1851లో గాజుపలకలపై కొలోడియన్ పూసి తీయు పద్ధతిని పేటెంటు లేకయే లోకమునకు ఇచ్చివేసెను. అదియు తన హక్కులోనిదేయని టాల్బట్ లరోష్ అను ఛాయాచిత్రకారునిపై వ్యాజ్యము వేసెను. 1854 డిసెంబరులో న్యాయస్థానమువారు కాలోటైపు కనిపెట్టినవాడు టాల్బటే యనియు, అయితే లరోష్ ఆయన హక్కునకు భంగము చేయలేదనియు తీర్పుచెప్పిరి. అంతట టాల్బట్ పేటెంటును పొడిగించుకొనుట మానెను. ఛాయాచిత్రకళ యందఱిదియు నయ్యెను. ఉచితముగా ఇచ్చిన ఆర్చర్ 1857లో బీదవాడై మరణించెను. కష్టపడినవాని కూలి వానికి దక్కవలెనా, దేవుని వెలుగువలన కలిగినది అందఱికిని చెందవలెనా యను ప్రశ్నకు రెండుప్రక్కలను న్యాయము కలదు. టాల్బటును లోభియని దూషించువారు ఆర్చర్ కుటుంబమును గూర్చికూడ ఆలోచింపవలెను. అయినను, బిగించి పట్టినచోటకంటె వదలిన స్కాట్లండులోనే ఆయన విద్య త్వరగా పుష్పించెనను మాట మఱవరానిది.

మఱియొక దుఃఖము ఆయనకు ఇంకను దగ్గఱిది. ఆయన సేవకుడైన నికొలాస్ హెన్నెమన్ అను హాలండుదేశీయుడు రెడింగు పట్టణమున ఛాయాచిత్రముల కర్మశాల పెట్టెను. 1846లో ఒక కళాపత్రికవారు తమ పాఠకుల కందఱికిని ఒక్కొక్క ఛాయాచిత్రమును పంచిపెట్టగోరి, వేలకొలది బొమ్మలను అచ్చటనుండియే తెప్పించిరి. తొందరలో చాలినంత కడుగబడనందున అందనేకములు కొలదికాలములోనే పసుపెక్కి వెలిసిపోయెను. వెలుగు వ్రాసినది వెలుగులోనే చెదరిపోవుట చూచి టాల్బట్ కుంగిపోలేదు. వెలిసిపోని అచ్చుసిరాతో ఛాయాచిత్రమును లోహపుపలకపై చెక్కి అచ్చువేయు పద్ధతికై జీవితాంతము శ్రమించి, 1852లోను 1858లోను రెండు పేటెంట్లు పొందెను. నేడు పుస్తకములలో బొమ్మలు అచ్చగుటకు పునాదులు వేసినవారిలో ఆయన యొకడు.

ఆయన విద్యాఫలము మన దేశమునకును చేరినది. చెన్నపట్టణపు ప్రభుత్వమువారు నియమించిన ఛాయాచిత్రకారుడు కెప్టెన్ లినియస్ ట్రైప్ కాగితపు నెగెటివులతో దక్షిణదేశపు దేవాలయములను అనేకముగా తీసెను. 1858లో ఆయన చెన్నపట్టణపు మ్యూజియములోనున్న అమరావతి శిల్పములను తీసెను. ఆ ఫలకములను మఱుసటి సంవత్సరమే ఇంగ్లండునకు ఓడలపై పంపివేసిరి. అవి యిప్పుడు బ్రిటిషు మ్యూజియములో నున్నవి. కృష్ణాతీరపు శిల్పులు చెక్కిన ఆ సున్నపురాళ్లు మన దేశము విడుచుటకు ముందు ఎట్లుండెనో తెలుపు చిత్రములు నిలిచియుండుట, ఒక మూలమునుండి పెక్కు ప్రతులు తీయుటను నేర్పిన టాల్బట్ సూత్రపు చలువయే.

టాల్బట్ తక్కిన పనులను మిక్కిలి క్లుప్తముగా చెప్పుదుము. 1851లో వేగముగా తిరుగు చక్రమునకు వార్తాపత్రికను అంటించి, విద్యుత్తు మెఱుపు వెలుగున దాని ఛాయాచిత్రము తీయగా అక్షరములు నిలిచినట్లే కనబడెను. 1857లో అషూరు రాజైన తిగ్లత్పిలేసెరుని శాసనమును రాలిన్‌సన్, హింక్స్, ఒప్పెర్ట్, టాల్బట్ అను నలుగురు ఒకరి పని యొకరు చూడకుండ తర్జుమా చేసిరి. రాయల్ ఏషియాటిక్ సొసైటీవారు నాలుగింటిని పోల్చి చూడగా ముఖ్యమైనచోట్లనెల్ల అవి యేకీభవించెను. బాణాకారపు లిపిని చదువవచ్చునని లోకమునకు నమ్మకము కలిగినది అప్పుడే. పరిశుద్ధ గ్రంథమందు పేర్కొనబడిన అషూరు రాజ్యముయొక్క చరిత్ర దీనివలన వెల్లడియయ్యెను. మట్టిపలకమీద పిట్టలు నడచినట్లున్న గీతలలో రాజుల చరిత్రను చదివిన కన్నును, కిటికీబొమ్మలో గాజుపలకలను లెక్కించిన కన్నును ఒక్కటియే.

1877 సెప్టెంబరు 17వ తేదీన టాల్బట్ తన లేకాక్ భవనముననే పరమపదించెను. ఆ గ్రామపు శ్మశానముననే సమాధి చేయబడెను. భార్యయు, ముగ్గురు కుమార్తెలును, ఒక కుమారుడును ఆయనకు వెనుక మిగిలిరి. 1944లో ఆయన మనుమరాలు మెటిల్డా టాల్బట్ ఆ భవనమును గ్రామముతో సహా నేషనల్ ట్రస్టు సంస్థకు దానము చేసెను. చూడబోవువారికి ఆ చిన్న గాజుకిటికీ నేటికిని చూపబడుచున్నది.

విద్యార్థులారా! టాల్బట్ ధనికుడు, ప్రభువంశీయుడు, గొప్ప విద్వాంసుడు. ఆ మూడును మనలో అనేకులకు లేవు. కాని ఆయన కీర్తికి కారణమైన వస్తువులు మనకును కలవు. చీపురు, నిచ్చెన, గడ్డివామి, కిటికీ, వీనిలో మన యూర లేనిదేది? మన ప్రభువు ఆవగింజను, పులిసిన పిండిని, అడవిపువ్వులను చూపియే పరలోకరాజ్యమును బోధించెను గాని రాజభవనములను చూపలేదు. కావున మీలో ఫోను గలవారు బొమ్మ తీయుటకు ముందు ఒక నిమిషము ఊరక నిలిచి చూడుడు. తీసినపిమ్మట దానిని వెంటనే చెఱపక, మఱుసటి వారము మరల తీసి మూలమూలలును పరిశీలింపుడు. ఫోను లేనివారు దానికై విచారింపవలదు, కన్నులున్నవి గదా. మన పాఠశాల నూతిగట్టుపై త్రాటి యొరపిడికి పడిన గాట్లు ఎన్నియో, సాయంకాలపు గంట మ్రోగు వేళకు వేపచెట్టు నీడ ఏ తరగతి గుమ్మమువఱకు వచ్చునో, రేపు చూచి వచ్చి మీ ఉపాధ్యాయులతో చెప్పుడు.